పైపులైన్ మ్యాపు గీయాలంటే ఏది ఎంచుకోవాలి?

ఊళ్లో పైపు ఎక్కడుందో తెలియాలంటే మొన్నమొన్నటిదాకా ఒకటే దారి, వాటర్‌మన్‌ని పిలవడం. నాకు తెలిసిన ఒక ఊళ్లో ఆ పని ముప్పై ఏళ్లు చేసిన పెద్దాయన ఉండేవాడు. అందరూ తాత అనే పిలిచేవాళ్లు. గేట్ వాల్వ్ ఎక్కడ అని అడిగితే కాగితం ఏదీ చూసేవాడు కాదు. "ఈడనే సారూ, చింతచెట్టు మొదలు కాడ్నించి బడి గోడ దిక్కు ఆరడుగులు" అని కాలితో గీత గీసేవాడు. తవ్వితే వాల్వ్ అక్కడే ఉండేది. తర్వాత రోడ్డు వెడల్పు చేశారు, చింతచెట్టు పోయింది. బడి గోడ పడగొట్టి కొంచెం వెనక్కి కట్టారు. కొన్నాళ్లకి తాతా పోయాడు. ఆ వాల్వ్ ఇప్పటికీ సీసీ రోడ్డు కింద ఎక్కడో ఉంది.

ఇలాంటి ఊరికి మ్యాపు గీద్దామని కూర్చున్నవాళ్లు మొదట అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్ వాడమంటారు?" అని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. ఈ మ్యాపు చూసి ఎవరు ఏం చేస్తారన్నది మొదటిది. మీరు బదిలీ అయ్యాకో, కాంట్రాక్టు ముగిశాకో దీన్ని ఎవరు సరిచేస్తూ ఉంటారన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు ఉంటే సాఫ్ట్‌వేర్ దానంతటదే తేలిపోతుంది. నేను చూసిన చెడిపోయిన మ్యాపుల్లో సాఫ్ట్‌వేర్ తప్పు వల్ల చెడినవి ఒకటో రెండో. మిగతావన్నీ గీసినవాడు వెళ్లిపోయాక ముట్టుకునేవాళ్లు లేక పాడైనవే.

ముందు పని తేల్చుకోండి

గ్రామసభలో గోడకి తగిలించి "పడమటి వాడకి లైన్ ఇట్లా పోతుంది" అని చూపించాలంటే పది మీటర్లు అటూ ఇటూ అయినా నష్టం లేదు. వాల్వ్ వెతకాలంటే రెండు మూడు మీటర్ల లోపు ఉండాలి, లేకపోతే గడ్డపార పట్టుకుని వీధంతా తిరగాల్సిందే. జేసీబీ దింపేముందు చూసుకునే మ్యాపైతే అడుగు లోపు ఉండాలి, లోతు కూడా తెలియాలి. ఇక చివరి ఇంటికి నీళ్లు ఎందుకు ఎక్కడం లేదో లెక్క కట్టాలంటే సంగతి తిరగబడుతుంది. పైపు వీధికి ఎడమనా కుడినా అన్నది అక్కడ పట్టదు. ఏ పైపు దేనికి కలిసింది, వ్యాసం ఎంత, ట్యాంకు కంటే ఆ ఇల్లు ఎన్ని మీటర్లు కింద ఉంది అన్నవే ముఖ్యం.

అమెరికాలో గ్యాస్, చమురు పైపులైన్లకు ప్రభుత్వం నడిపే నేషనల్ పైప్‌లైన్ మ్యాపింగ్ సిస్టమ్ ఉంది. అందులో గీతకీ అసలు పైపుకీ 500 అడుగుల దాకా తేడా ఉండొచ్చని వాళ్లే చెబుతారు. జనం చూసే మ్యాపులో ఒక హద్దు దాటి జూమ్ కూడా కానివ్వరు. అంత తేడా ఉన్న మ్యాపు ఎందుకంటే, మా ఇంటి చుట్టుపక్కల లైన్ ఉందా లేదా అన్న ప్రశ్నకి అది చాలు. తవ్వాలనుకుంటే 811 నంబరుకి ఫోన్ చేయాలి, అప్పుడు కంపెనీ మనిషి వచ్చి నేల మీద గుర్తులు పెట్టి పోతాడు. ఒకే పైపుకి రెండు అవసరాలు, రెండు ఏర్పాట్లు. మన దగ్గరా అదే ఆలోచనతో 2023 మార్చి 22న 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ వచ్చింది. తవ్వేవాడు ముందే చెబితే కింద లైన్లున్న సంస్థలకి కబురు వెళ్తుంది. కాకపోతే ఆ సంస్థ దగ్గర సరైన మ్యాపు ఉంటేనే ఆ కబురు వల్ల ఉపయోగం.

గూగుల్ ఎర్త్, మై మ్యాప్స్

గూగుల్ ఎర్త్ ప్రో ఒకప్పుడు ఏడాదికి 399 డాలర్లు. 2015 జనవరి నుంచి ఉచితం. పది నిమిషాల్లో ఎవరైనా నేర్చుకుంటారు, ఫైలు వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లు ఫోన్లోనే తెరుస్తారు. సర్పంచ్‌కి చూపించడానికి దీనికి మించింది లేదు, నేనూ అందుకే వాడతాను.

చిక్కు ఎక్కడొస్తుందంటే, "ఊళ్లో 90 ఎంఎం హెచ్‌డీపీఈ (నల్ల ప్లాస్టిక్ పైపు) మొత్తం ఎన్ని మీటర్లుంది?" అని ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్, అడిగినప్పుడు. గూగుల్ ఎర్త్‌లో గీత ఉంటుంది, గీతకి పేరు ఉంటుంది, కింద వివరణ రాసుకునే డబ్బా ఉంటుంది. ఆ డబ్బాలో ఒకరు "90ఎంఎం" అని, ఇంకొకరు "3 ఇంచ్" అని, మరొకరు "పాత లైన్" అని రాస్తారు. వాటిని కూడి లెక్క చెప్పడం దాని వల్ల కాదు. మై మ్యాప్స్ కాస్త నయం, దానికి పట్టిక ఉంది, ఎక్సెల్ షీటు ఎక్కించొచ్చు. పది లేయర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలు), లేయర్‌కి రెండు వేల గుర్తులు అనే హద్దుంది. ఒక చిన్న పంచాయతీకి సరిపోతుంది, కుళాయి కనెక్షన్లన్నీ పెడదామంటే పెద్ద ఊరికి ఇరుకవుతుంది.

ఇంకో మాట. శాటిలైట్ ఫొటో మీద గీస్తే ఖచ్చితంగా ఉంటుందని చాలామంది నమ్మకం. ఆ ఫొటోయే కొన్ని మీటర్లు పక్కకి జరిగి ఉండొచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల ఫొటోలు వరుసగా మార్చి చూడండి, మీ ఇల్లే అటూ ఇటూ కదులుతుంది. ఇస్రో వాళ్ల భువన్ ఫొటోతో పోల్చినా ఇదే కనిపిస్తుంది. ఏదో ఒక ఫొటోని ఆధారంగా పెట్టుకుని పని మొత్తం దాని మీదే చేయాలి. సగం ఒకదాని మీద, సగం ఇంకోదాని మీద గీస్తే లైన్ కూడలి దగ్గర తెగిపోయి కనిపిస్తుంది.

క్యూజీఐఎస్

2002లో మొదలైన, మ్యాపులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. పంచాయతీ, మండలం, చిన్న మున్సిపాలిటీ స్థాయిలో ఎవరడిగినా నేను చెప్పే పేరు ఇదే. లైసెన్సు గొడవ లేదు. లైన్‌తో పాటు పట్టిక ఉంటుంది. అందులో వ్యాసం, పైపు రకం, వేసిన ఏడాది, లోతు వేరు వేరు గడుల్లో ఉంటాయి కాబట్టి ఇందాక ఏఈ అడిగిన లెక్క అర నిమిషంలో వస్తుంది. "3 ఇంచ్" అని రాసే వీల్లేకుండా ఆ గడిలో 63, 75, 90, 110 అనే జాబితా మాత్రమే కనిపించేలా పెట్టొచ్చు. స్నాపింగ్ ఆన్ చేస్తే ఒక పైపు చివర ఇంకో పైపుకి అతుక్కుంటుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, తర్వాత నీటి ఒత్తిడి లెక్క కట్టేటప్పుడు అరడుగు ఖాళీ ఉన్నా కంప్యూటర్ దృష్టిలో ఆ వాడకి నీళ్లు రానట్టే.

నేర్చుకోవడం కష్టమా అంటే, మొదటి వారం కష్టమే. మెనూలు చూస్తే తల తిరుగుతుంది. ఎక్సెల్ బాగా వచ్చిన కంప్యూటర్ ఆపరేటర్‌కి పది పదిహేను రోజుల్లో చేయి తిరుగుతుంది. అతను మానేసి వెళ్తే మళ్లీ మొదటికొస్తాం, అది నిజమే. అందుకని ప్రాజెక్టు ఫైలుతో పాటు రెండు పేజీల తెలుగు నోట్ రాసి పెట్టమంటాను: ఏ లేయర్ ఏమిటి, కొత్త లైన్ ఎలా కలపాలి, బ్యాకప్ ఎక్కడ.

ఫీల్డ్‌లోకి తీసుకెళ్లడానికి క్యూఫీల్డ్, మెర్జిన్ మ్యాప్స్ రెండూ క్యూజీఐఎస్ ప్రాజెక్టుని ఫోన్లో తెరుస్తాయి. క్యూఫీల్డ్‌లో ఫైలు కేబుల్‌తో ఎక్కించుకుని ఇంటర్నెట్ లేకుండా పని చేయొచ్చు. మెర్జిన్‌లో ఇద్దరు ముగ్గురు చేసినదాన్ని కలపడం తేలిక. బయటి జీపీఎస్ పరికరాన్ని బ్లూటూత్‌తో తగిలించుకుని పాయింట్లు తీయడమే పనైతే నేపాల్ నుంచి వచ్చిన ఎస్‌డబ్ల్యూ మ్యాప్స్ చాలు.

ఆర్క్‌జీఐఎస్, ఆటోక్యాడ్

ఆర్క్‌జీఐఎస్ కూడా క్యూజీఐఎస్ లాంటి సాఫ్ట్‌వేరే, కానీ ఖరీదైనది. ఆ ఖరీదు ఎవరికి గిట్టుబాటవుతుందంటే గ్యాస్, చమురు కంపెనీలకి, మహానగరాల జలమండలి లాంటి సంస్థలకి. అక్కడ మ్యాపు ఒకరి కంప్యూటర్లో ఉండదు, వందమంది ఒకేసారి పని చేస్తారు, ఎవరు ఏం మార్చారో రికార్డు ఉండాలి. గ్యాస్ లైన్ వాళ్లు అక్షాంశ రేఖాంశాల్లో మాట్లాడుకోరు, చైనేజ్‌లో, అంటే లైన్ మొదలు నుంచి పైపు వెంట కొలిచిన దూరంలో, మాట్లాడుకుంటారు: "42.350 దగ్గర కోటింగ్ పోయింది" అని. పైపు దారి ఒకచోట మళ్లించినా పాత చైనేజ్ రికార్డులు చెడిపోకుండా చూసే పనిముట్లు ఆర్క్‌జీఐఎస్‌లో విడిగా తయారుగా ఉన్నాయి. క్యూజీఐఎస్‌లోనూ చైనేజ్ లెక్క వస్తుంది, కానీ ఆ ఏర్పాటంతా మనం కట్టుకోవాలి. మీ ఆఫీసులో ఇంకా ఆర్క్‌జీఐఎస్ పాత ప్రోగ్రామ్ ఆర్క్‌మ్యాప్ నడుస్తుంటే దాని మద్దతు గడువు 2026 మార్చి 1 అని గుర్తుంచుకోండి. కొత్త ప్రో వెర్షన్‌కి వెళ్లాలా, క్యూజీఐఎస్‌కి మారాలా అని తేల్చుకోవడానికి అదే అదను.

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. మన వాళ్లలో పైపులైన్ అనే మాటకి భయం కలిసింది ఆ రోజే. ఆ లైన్ ఎక్కడ పోతుందో తెలియక జరిగిన ప్రమాదం కాదది. గ్యాస్ లైన్‌కి దారి చూపే గీత ఒక్కటే సరిపోదని చెప్పడానికే ఇది గుర్తు చేస్తున్నాను. లోపల ఏ గ్యాస్ పోతోంది, పైపు గోడ మందం ఇప్పుడెంత, చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, ఎక్కడ రిపేరు చేశారు అన్నవన్నీ ఆ గీతకే వేలాడుతూ ఉండాలి. పెద్ద వ్యవస్థలకి డబ్బు పెట్టేది అందుకు.

ఇంజనీరింగ్ డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ సంగతి క్లుప్తంగా చెప్తాను. కన్సల్టెంట్లు, కాంట్రాక్టర్లు ఇచ్చేది ఇందులోనే. డ్రాయింగ్‌గా చక్కగా ఉంటుంది, నేల మీద ఎక్కడుందో మాత్రం చాలాసార్లు దానికి తెలియదు. సున్నా, సున్నా దగ్గర మొదలుపెట్టి గీసేస్తారు. దాన్ని తెచ్చి కూడళ్లు, ట్యాంకు లాంటి నాలుగైదు గట్టి గుర్తులతో క్యూజీఐఎస్‌లో కూర్చోబెట్టాలి. ఇంకో జాగ్రత్త: పైన "యాజ్ బిల్ట్" (వేసింది వేసినట్టు) అని రాసి ఉన్నంత మాత్రాన వేసింది అలాగే ఉంటుందని నమ్మకండి. నా చేతికొచ్చిన ఒక డ్రాయింగ్‌లో లైన్ నేరుగా గుడి లోంచి పోతోంది. టెండర్ నాటి డిజైన్ మీద పేరు మార్చి ఇచ్చేశారు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టొచ్చా?

అందరూ కలిసి గీసే ఉచిత మ్యాపు అది. పెట్టొచ్చు, పైపులైన్లకు దానిలో ట్యాగులున్నాయి. దేశాలు దాటే పెద్ద గ్యాస్ లైన్లు, వాటి పక్కన పాతిన గుర్తు రాళ్ల ఆధారంగా చాలావరకు అందులో ఉన్నాయి. అయితే ఆ మ్యాపు నడిచే పద్ధతి "ఎవరైనా వెళ్లి చూసి సరిచేయొచ్చు" అన్నది. భూమిలో మీటరు లోతున ఉన్న ఊరి లైన్‌ని ఎవరు వెళ్లి చూస్తారు? నా సలహా ఏమిటంటే ఓవర్‌హెడ్ ట్యాంకులు, పంపు హౌస్‌లు, వీధి కుళాయిలు అక్కడ పెట్టండి, పది మందికి పనికొస్తాయి. భూమి కింది నెట్‌వర్క్ మీ దగ్గరే ఉంచుకోండి. గూగుల్ ఫొటో మీద గీసినదాన్ని తీసుకెళ్లి అందులో వేయడం మాత్రం కుదరదు, లైసెన్సు ఒప్పుకోదు.

ఫోనా, ఆర్‌టీకేనా

ఇక్కడే డబ్బులు అనవసరంగా ఖర్చవుతాయి, లేదా అవసరమైన చోట మిగిలిపోతాయి.

ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ అయిదు మీటర్ల చుట్టుపక్కల చూపిస్తుంది. ఇరుకు సందుల్లో, చెట్ల కింద ఇంకా ఎక్కువ తేడా వస్తుంది. శాటిలైట్లు పంపే ఎల్1, ఎల్5 రెండు ఫ్రీక్వెన్సీలూ పట్టే ఫోన్లు కొంచెం మెరుగు. ఆర్‌టీకే అనే సర్వే జీపీఎస్ పరికరం, దానికి దగ్గర్లో బేస్ స్టేషన్ (తన చోటు ముందే ఖచ్చితంగా తెలిసిన రెండో పరికరం) నుంచి సవరణలు అందితే, ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా తెస్తుంది. ఒకప్పుడు రెండు పరికరాలు మోసుకెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు సర్వే ఆఫ్ ఇండియా కార్స్ స్టేషన్ల (ఎప్పుడూ నడుస్తూ ఉండే బేస్ స్టేషన్లు) నుంచి మొబైల్ ఇంటర్నెట్ మీదే సవరణలు వస్తాయి కాబట్టి ఒకటి చాలు. ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే చేసింది కూడా ఈ రకం స్టేషన్ల సాయంతోనే.

అన్నిటికీ ఆర్‌టీకే అక్కర్లేదు. సగటు పంచాయతీలో నేల మీద కనిపించే వస్తువులు, అంటే వాల్వ్ ఛాంబర్లు, ట్యాంకు, బోరు, ఎయిర్ వాల్వ్‌లు కలిపితే వందో రెండొందలో ఉంటాయి. ఆర్‌టీకే పరికరం రెండు రోజులు అద్దెకి తెచ్చి వీటిని మాత్రం తీయించండి. మధ్యలో గీతలు ఫోన్‌తో నడుస్తూ గీసుకున్నా ఫరవాలేదు, ఎందుకంటే రెండు చివర్లూ గట్టిగా పాతుకుని ఉన్నాయి కదా. కుళాయి కనెక్షన్లకి ఫోన్ చాలు, పక్కన ఇంటి నంబరు ఉంటుంది కాబట్టి.

ఎత్తుల దగ్గర మాత్రం ఫోన్‌ని అస్సలు నమ్మకండి. అడ్డంగా వచ్చే తప్పు కంటే నిలువుగా వచ్చే తప్పు ఎప్పుడూ ఎక్కువే. ఒక మీటరు ఎత్తు తేడా అంటే ఒక మీటరు నీటి ఒత్తిడి. అయిదు మీటర్లు తప్పు పోతే చివరి వాడకి నీళ్లు వస్తాయో రావో లెక్కలో తారుమారవుతుంది. ఇంకో బోను కూడా ఉంది. శాటిలైట్ పరికరం నేరుగా ఇచ్చే ఎత్తు సముద్ర మట్టం నుంచి కొలిచింది కాదు, భూమిని ఒక నున్నటి గుండుగా ఊహించుకుని దాని మీద నుంచి కొలిచింది. ఈ రెండు ఎత్తులకీ మధ్య ప్రపంచంలోకెల్లా పెద్ద తేడా ఉన్న గుంట శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఉంది, దాని పల్లంలోనే మనమూ ఉన్నాం. అందుకే తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఈ తేడా యాభై మీటర్ల పైనే. విశాఖ బీచ్‌లో నిలబడి సవరణ లేని ఎత్తు చూస్తే మైనస్‌లో ఉంటుంది, పరికరం చెడిపోయిందని కంగారు పడతారు. అసలు ముప్పు అక్కడ కాదు. ట్యాంకు ఎత్తు పాత డ్రాయింగ్ నుంచి సముద్ర మట్టం లెక్కలో తీసుకుని, ఇళ్ల ఎత్తులు పరికరం నుంచి తీసుకుని రెండూ కలిపేస్తే, చిట్టచివరి ఇంటికి కూడా ఏడు బార్ల ప్రెజర్ (బార్ అంటే దాదాపు పది మీటర్ల నీటి ఒత్తిడి) వస్తోందని ఈపానెట్ చల్లగా చెబుతుంది. పైపుల్లో నీటి ఒత్తిడి లెక్క కట్టడానికి అమెరికా పర్యావరణ సంస్థ 1993లో తెచ్చిన ఉచిత సాఫ్ట్‌వేరే ఈపానెట్, లెక్కలో చాలా గట్టిది, ఇచ్చిన ఎత్తులు సరైనవా అని మాత్రం అడగదు. లెవెల్ మెషీన్‌తో ట్యాంకు నుంచి ఊరి చివరిదాకా ఒక వరస తీయించడం పాత పద్ధతే, ఇప్పటికీ అదే నమ్మకం.

భూమిలో ఉన్నదాన్ని వెతికేవి

పైపు లోహమైతే, అంటే డీఐ (డక్టైల్ ఐరన్), జీఐ (గాల్వనైజ్డ్ ఐరన్), ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రకాలైతే, పైప్ లొకేటర్ పట్టుకుంటుంది. పీవీసీ, హెచ్‌డీపీఈ, పాత ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంట్) పైపుల్లో కరెంటు పారదు, దానికి దొరకవు. అప్పుడు అందరూ గ్రౌండ్ పెనిట్రేటింగ్ రాడార్ అంటారు, అంటే నేలలోకి రేడియో తరంగాలు పంపి కిందున్నది పట్టే పరికరం. ఎర్ర ఇసక నేలలో అది బాగానే పనిచేస్తుంది. నల్లరేగడిలో, అందులోనూ వానాకాలం తడిలో, బంకమన్ను ఆ తరంగాల్ని మింగేస్తుంది. నల్లరేగడి ఊళ్లో రాడార్‌కి కొటేషన్ ఇచ్చినవాణ్ని ముందు ఒక వీధిలో తెలిసిన పైపు మీద చూపించమనండి, కనిపిస్తేనే మిగతా డబ్బు. లేదంటే అనుమానం ఉన్న నాలుగు చోట్ల చిన్న గుంటలు తవ్వి చూడటం చవక.

ఫైలు ఏ రకంలో ఉంచాలి

మ్యాపు డేటా దాచే షేప్‌ఫైల్ అనే రకం ముప్పై ఏళ్ల నాటిది, అందరూ అదే అడుగుతారు. అడిగినవాళ్లకి ఇవ్వండి, మీ అసలు కాపీ మాత్రం అందులో ఉంచకండి. పేరుకి ఒక ఫైలే అయినా నిజానికి నాలుగైదు ముక్కలు, ఒకటి పంపడం మరిచిపోతే మిగతావి దండగ. గడి పేరు పది బైట్లు దాటకూడదు. తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, సున్నా ఒక్కొక్కటీ యూనికోడ్‌లో మూడు బైట్లు తింటాయి కాబట్టి "వ్యాసం" అనే చిన్న మాట కూడా పట్టదు. వాడల పేర్లు తెలుగులో పెట్టి పంపితే అవతల ప్రశ్నార్థకాలై తేలిన సందర్భాలు చాలా చూశాను. జియోప్యాకేజ్ ఒకే ఫైలు, తెలుగు చక్కగా ఉంటుంది, ఫోన్లోనూ తెరుచుకుంటుంది. నలుగురైదుగురు ఒకేసారి మార్పులు చేసే స్థాయికి వస్తే పోస్ట్‌జీఐఎస్ డేటాబేస్ పెట్టాలి, దానికి సర్వర్ చూసుకునే మనిషి కావాలి. ఆ మనిషి లేకపోతే ఆ మాటే ఎత్తకండి.

కోఆర్డినేట్ వ్యవస్థ దగ్గర ఒక్క క్షణం ఆగండి. అక్షాంశ రేఖాంశాల్లో ఉన్న లైన్ పొడవు అడిగితే కొన్నిసార్లు 0.0043 అని వస్తుంది, అవి డిగ్రీలు. మీటర్లు కావాలంటే యూటీఎంలోకి, అంటే భూమిని నిలువు జోన్లుగా పంచి మీటర్లలో కొలిచే పద్ధతిలోకి, మార్చాలి. తెలుగు నేలలో ఎక్కువ భాగం 44వ జోన్, సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644. అయితే ఆ జోన్ 78 డిగ్రీల రేఖాంశం దగ్గర మొదలై 84 దగ్గర ముగుస్తుంది. అనంతపురం, ఆదోని, తాండూరు, గద్వాల 43లోకి పోతాయి. పలాస, ఇచ్ఛాపురం 45లో పడతాయి. ఆంధ్రప్రదేశ్ ఒక్క రాష్ట్రమే మూడు జోన్లలో ఉందన్నమాట. జిల్లా మొత్తానికి ఒకటే జోన్ ఖాయం చేసుకుని అందరికీ చెప్పండి. ఇక అక్షాంశం, రేఖాంశం గడులు తారుమారు చేస్తే ఏమవుతుందో సరదాకి చూడండి: హైదరాబాద్‌లో పెట్టిన వాల్వ్ ఆర్కిటిక్ మంచులో, నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. 2021 ఫిబ్రవరి 15న వచ్చిన మార్గదర్శకాలతో మన దేశ సంస్థలు మ్యాపింగ్ చేయడానికి ముందస్తు అనుమతుల బాధ చాలావరకు పోయింది. కానీ అడ్డంగా ఒక మీటరు, నిలువుగా మూడు మీటర్ల కంటే మెరుగైన ఖచ్చితత్వం ఉన్న డేటా దేశంలోనే నిల్వ ఉండాలి. అంటే ఆర్‌టీకేతో తీసిన వాల్వ్ పాయింట్లని విదేశీ సర్వర్లో ఉన్న ఉచిత క్లౌడ్‌లో పెట్టే ముందు చూసుకోండి. కేబుల్‌తో ఫైలు మార్చుకునే పాత పద్ధతికి ఇలాంటప్పుడు విలువ తెలుస్తుంది.

ఏది కొన్నా ఈ ఒక్క గడి పెట్టండి

2010 సెప్టెంబరు 9న కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో 30 అంగుళాల గ్యాస్ పైపు పేలింది, ఎనిమిది మంది చనిపోయారు. కంపెనీ రికార్డుల్లో ఆ ముక్క అతుకు లేని పైపు అని ఉంది. విచారణలో తేలింది, అది పొడుగునా వెల్డింగ్ చేసిన చిన్న చిన్న ముక్కలతో అతికినదని, ఆ వెల్డింగూ సరిగా లేదని. కంప్యూటర్లో గడి నిండి ఉంది కాబట్టి అది నిజమనుకున్నారు.

అందుకే నా ప్రతి పట్టికలో "ఎలా తెలిసింది" అని ఒక గడి ఉంటుంది. నాలుగే జవాబులు: తవ్వి చూశాం, పరికరంతో పట్టాం, పైన కనిపించే గుర్తుల్ని బట్టి ఊహించాం, కాగితమో మనిషో చెప్పారు. అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం ఏ, బీ, సీ, డీ అని పెట్టిన నాణ్యత స్థాయిలు దాదాపు ఇవే, నేను తెలుగు చేసుకున్నానంతే. మ్యాపులో తవ్వి చూసినవి నిండు గీతగా, చెప్పుడు మాటలవి చుక్కల గీతగా వస్తాయి. చుక్కల గీత చూసిన జేసీబీ డ్రైవర్ తనంతట తానే నెమ్మదిస్తాడు. మిషన్ భగీరథ, జల్ జీవన్ లాంటి పథకాల్లో లక్షల కిలోమీటర్ల పైపులు ఈ పదేళ్లలోనే భూమిలోకి వెళ్లాయి. వేసినవాళ్లు ఇంకా ఉన్నారు, గుర్తున్నాయి. వాళ్లని అడిగి చుక్కల గీతలైనా గీసుకోవడానికి ఇదే సమయం.

నన్ను అడిగితే

అపార్ట్‌మెంట్ లేదా చిన్న కాలనీ అయితే మై మ్యాప్స్, ఫోన్ కెమెరా చాలు. ప్రతి వాల్వ్‌కీ రెండు ఫొటోలు, దగ్గర్నుంచి ఒకటి, వీధి కనిపించేలా ఒకటి.

పంచాయతీ, మండలం అయితే క్యూజీఐఎస్, జియోప్యాకేజ్, క్యూఫీల్డ్. రెండు రోజులు ఆర్‌టీకే అద్దె. చూపించడానికి మాత్రం గూగుల్ ఎర్త్ ఫైలు ఒకటి తీసి ఇవ్వండి, క్యూజీఐఎస్ తెరవమని సర్పంచ్‌ని ఇబ్బంది పెట్టకండి.

మున్సిపాలిటీ అయితే పోస్ట్‌జీఐఎస్ పెట్టి క్యూజీఐఎస్‌తో నడపండి, ఒక పర్మనెంట్ ఉద్యోగిని దానికి కేటాయించండి. ఔట్‌సోర్సింగ్ మనిషికి అప్పగిస్తే పాస్‌వర్డ్ అతనితోనే పోతుంది, నేను పడ్డాను ఆ టెన్షన్. గ్యాస్ కంపెనీకి నా సలహా అక్కర్లేదు, వాళ్లకి ఆర్క్‌జీఐఎస్ ఎలాగూ ఉంటుంది. ఆ "ఎలా తెలిసింది" గడి ఉందో లేదో ఒకసారి చూసుకోమంటాను.

కొత్త లైన్ వేస్తున్న ఊరైతే వీటన్నిటి కంటే ముందు ట్రెంచ్ దగ్గరికి వెళ్లండి. పైపు దించాక, మట్టి కప్పేలోపు దొరికే ఆ రెండు మూడు గంటల్లో తీసిన కొలతకి తర్వాత ఎంత ఖర్చు పెట్టినా సాటి రాదు. ప్రతి మలుపు దగ్గరా ఒక పాయింటు, టేపు కనిపించేలా లోతు ఫొటో. ప్లాస్టిక్ పైపైతే దాని వెంట ఒక రాగి తీగ వేయించండి, రేపు లొకేటర్‌కి దొరుకుతుంది. తాత చెప్పిన ఆరడుగుల లెక్క కూడా పట్టికలో రాసుకోండి, కాకపోతే ఒక చోటు నుంచి కాకుండా రెండు చోట్ల నుంచి. చెట్టు నుంచి వద్దు, ట్యాంకు స్తంభం నుంచో గుడి మెట్టు నుంచో కొలవండి.